రంగస్థలం నేర్పిన విద్య

ఉద్దేశం

నాటకరంగంలో గట్టి సాధన చేసిన నటుడు, లోకంలో ఎన్నడూ లేని పాత్రలకు సైతం ప్రాణం పోయగలడని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ప్రజలు మెచ్చిన కళను చిన్నచూపు చూడరాదనీ, తొలినాళ్ళ శిక్షణ జీవితాంతం వెన్నంటి ఉంటుందనీ విద్యార్థులు గ్రహించాలి.

పాఠ్యభాగం

కావ్యాలలో నాటకం రమ్యమైనదని పెద్దల మాట. చదువుకున్నవారినీ చదువు రానివారినీ ఒకేచోట కూర్చోబెట్టి, ఒకే రసాన్ని పంచిపెట్టగల శక్తి నాటకానికి ఉంది. గోదావరి డెల్టా ఈ కళకు పట్టుగొమ్మ. 1880లో కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని'ని ప్రదర్శింపజేశారు. షేక్‌స్పియర్ రచించిన 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్' నాటకాన్ని 'చమత్కార రత్నావళి' అనే పేరుతో తెలుగులోకి తెచ్చినవారు కూడా ఆయనే. చిలకమర్తి లక్ష్మీనరసింహం రచించిన 'గయోపాఖ్యానం' విశేషమైన ప్రజాదరణ పొందింది. పెనుగొండ, తణుకు, పాలకొల్లు, భీమవరం వంటి ఊళ్ళలో ఉత్సవాల రాత్రులు తెల్లవార్లూ మేలుకొని పద్యనాటకాలు చూడడం కొన్ని తరాల వారికి అలవాటు. ఒకవైపు పౌరాణిక నాటకం, మరొకవైపు ఇంగ్లీషు చదువుతో వచ్చిన షేక్‌స్పియర్. ఈ రెండు పాయలూ కలిసిన నేల మీద ఎందరో నటులు రూపుదిద్దుకున్నారు.

అలా రూపొందిన నటుడు తరువాతి కాలంలో మాయలూ మంత్రాలూ నిండిన జానపద చిత్రంలోనో, నక్షత్రాల నడుమ సాగే వైజ్ఞానిక కల్పనలోనో నటిస్తే, 'ఇంత విద్య నేర్చినది ఇందుకోసమా!' అని పెదవి విరిచేవారు ఉంటారు. గొప్ప నాటకాలు పండితుల కోసం, వింత కథలు పిల్లల కోసం అనే అభిప్రాయం అన్ని దేశాలలోనూ ఉంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో తెలుసుకోవడానికి ఇద్దరు నటుల జీవితాలను పరిశీలించవచ్చు. ఒకరు కాకినాడ నాటకరంగం నుంచి తెలుగు వెండితెరకు వచ్చిన ఎస్.వి. రంగారావు. మరొకరు ఇంగ్లండు నాటకరంగం నుంచి అమెరికా టెలివిజన్‌కు వెళ్ళిన పాట్రిక్ స్టీవర్ట్.

సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించారు. తండ్రి కోటేశ్వరరావు ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. తల్లి లక్ష్మీ నరసాయమ్మ. రంగారావు బాల్యం చాలావరకు మద్రాసులో నాయనమ్మ సంరక్షణలో గడిచింది. అక్కడి హిందూ హైస్కూలులో చదువుకొనే రోజులలోనే ఆయన నాటకాలలో పాల్గొన్నారు. ఇంటర్మీడియెట్ విశాఖపట్నంలో పూర్తిచేసి, బి.ఎస్సీ. చదవడానికి కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలలో చేరారు.

కాకినాడ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అప్పట్లో ఆ పట్టణంలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంస్థ ఉత్సాహంగా పనిచేస్తూ ఉండేది. తరువాతి కాలంలో చలనచిత్రాలలో ప్రసిద్ధికెక్కిన అంజలీదేవి, ఆమె భర్త, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కూడా ఈ సంస్థలో పనిచేసినవారే. రంగారావు తెలుగు నాటకాలతోపాటు ఇంగ్లీషులో షేక్‌స్పియర్ నాటకాలు కూడా ఆడారు. సీజర్, ఆంటోనీ, షైలాక్ వంటి పాత్రలలో ఆయన వాచికం ప్రేక్షకులను ఆకట్టుకొన్నది. వాటిలో 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లోని షైలాక్ పాత్రను గుర్తుంచుకోవాలి. ఆ పాత్ర ఒక వడ్డీ వ్యాపారిది. పగతో రగిలిపోయేవాడే, కాని అవమానాలు పడినవాడు కూడా. అటువంటి పాత్రను కేవలం దుర్మార్గుడిగా చూపితే సగం నాటకం పోతుంది. అతని కోపానికి కారణమేమిటో నటుడు ముందుగా తాను నమ్మాలి. ప్రతినాయకుని లోపల ఒక మనిషి ఉంటాడనే పాఠం రంగారావుకు ఇక్కడ దొరికింది.

పట్టభద్రులైన పిమ్మట రంగారావు అగ్నిమాపక శాఖలో ఉద్యోగంలో చేరి, బందరు, విజయనగరాలలో పనిచేశారు. స్థిరమైన జీతం, సమాజంలో గౌరవం ఉన్న ఉద్యోగమది. అయినా మనస్సు నటన మీదనే నిలిచింది. చివరకు ఆయన ఉద్యోగాన్ని విడిచిపెట్టి, 1946లో విడుదలైన 'వరూధిని' చిత్రంలో ప్రవరుని పాత్ర ధరించారు. ఆ చిత్రం విజయం సాధించలేదు. ఉన్న ఉద్యోగం పోయింది, కోరుకున్న రంగంలో ఆదరణ దొరకలేదు. గత్యంతరం లేక ఆయన జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగం చేశారు. తొలి ప్రయత్నంలోనే ఎదురుదెబ్బ తిన్నవారు తమ కోరికను అక్కడితో చాలించుకోవడం సహజం. రంగారావు మాత్రం తిరిగి మద్రాసు చేరారు. 'మనదేశం' (1949), 'పల్లెటూరి పిల్ల' (1950) చిత్రాలలో చిన్న పాత్రలు వేశారు. నాటకాలలో సీజరుగా నిలిచిన నటుడు, తెర మీద కొద్ది నిమిషాల వేషానికి కూడా చిన్నతనం అనుకోలేదు. విజయా సంస్థ తొలి చిత్రమైన 'షావుకారు' (1950)లో ధరించిన సున్నపు రంగడి పాత్ర ఆయనకు గుర్తింపు తెచ్చింది.

1951లో అదే సంస్థ కె.వి. రెడ్డి దర్శకత్వంలో 'పాతాళభైరవి'ని నిర్మించింది. అందులో రంగారావుది నేపాళ మాంత్రికుని పాత్ర. సాహసవంతుడైన యువకుని బలి ఇచ్చి, అడిగినదెల్లా ఇచ్చే పాతాళభైరవి ప్రతిమను సంపాదించాలన్నది మాంత్రికుని కోరిక. గడ్డం, పూసల దండలు, మంత్రదండం ఎవరికి తగిలించినా మాంత్రికుని వేషం తయారవుతుంది. కాని వేషం వేరు, పాత్ర వేరు. రంగారావు ఆ పాత్రకు ఒక నడకను, ఒక చూపును, మాటకు ఒక ప్రత్యేకమైన లయను సమకూర్చారు. రైతుకు నాగలి ఎంత సహజమో ఆ మాంత్రికుడికి మంత్రం అంత సహజం అన్నట్లు నటించారు. మాంత్రికుడు ఆశపడతాడు, ఓపిక పడతాడు, శిష్యుని మీద విసుక్కుంటాడు, తన తెలివికి తానే మురిసిపోతాడు. ఈ గుణాలన్నీ మన చుట్టూ ఉన్న మనుషులవే. అందుకే మంత్రాలను నమ్మనివారు సైతం ఆ మాంత్రికుని నమ్మారు. కథానాయకుడు తోటరాముడుగా నటించిన ఎన్.టి. రామారావుతో సమానంగా ప్రతినాయకుని పేరు కూడా ఇంటింటా వినిపించింది.

ఆరేళ్ళ తరువాత, 1957లో, కె.వి. రెడ్డి దర్శకత్వంలోనే వచ్చిన 'మాయాబజార్'లో రంగారావు ఘటోత్కచుడు. భారీ శరీరం, భుజాన గద, ఒక్క అడుగు వేస్తే నేల అదిరే ఠీవి. ఇంతవరకు పౌరాణిక నాటకం నేర్పినదే. కాని ఆయన ఘటోత్కచుడిలో ఒక పసితనం కూడా ఉంది. తన అడవిలో అడుగుపెట్టిన అభిమన్యునితో తలపడిన ఆ వీరుడే, అతడు తన తమ్ముడని తెలియగానే కరిగిపోతాడు. తల్లి హిడింబ మాటకు తలవంచుతాడు. వివాహ భోజనాన్ని ఆరగించే సన్నివేశంలో వంటకాలు వాటంతటవే కదలి నోటికి చేరడం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనం. ఆ రుచికి మురిసిపోవడం మాత్రం నటుని పనితనం. కంటికి ఎదురుగా లేనిదాన్ని ఉన్నట్లు నమ్మి నటించకపోతే ఎంత గొప్ప కెమెరా అయినా చేయగలిగింది లేదు. వేదిక మీద వెలసిపోయిన తెరను వెనుక వేలాడదీసుకొని, దానినే హస్తినాపురంగా భావించి పద్యం పాడిన అనుభవం ఉన్నవారికి ఈ నమ్మకం కొత్త కాదు.

ఈ చిత్రంలో మరొక విశేషం ఉంది. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారినప్పుడు ఆ భాగాన్ని నటించినవారు సావిత్రి. ఆడపిల్ల రూపంలో ఉన్నది ఘటోత్కచుడేనని ప్రేక్షకునికి క్షణక్షణం తెలియాలి. సావిత్రి ఆ వీరుని ఠీవిని, చూపును తన నటనలోకి తెచ్చుకొని ఆ పని సాధించారు. ఒక నటుడు కల్పించిన పాత్ర లక్షణాలను మరొకరు అనుకరించగా చూచినవారందరూ గుర్తుపట్టగలిగారంటే, ఆ కల్పన ఎంత స్పష్టంగా ఉందో ఊహించవచ్చు.

1963లో వచ్చిన 'నర్తనశాల'లో రంగారావు కీచకునిగా నటించారు. ఆ నటనకు 1964లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుని బహుమతి లభించింది. తెలుగు భాష తెలియనివారు, భారతకథతో పెద్దగా పరిచయం లేనివారు ఇచ్చిన గౌరవమది. సాంఘిక చిత్రాలలోనూ ఆయన తండ్రిగా, తాతగా, జమీందారుగా మెప్పించారు. తమిళ చిత్రాలలోనూ అంతే ఆదరణ పొందారు. 'చదరంగం' (1967), 'బాంధవ్యాలు' (1968) చిత్రాలకు దర్శకత్వం వహించారు. 1974 జూలై 18న మద్రాసులో కన్నుమూశారు. 2013లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది.

రంగారావు కాలంలో ఊహాలోకానికి ఆలవాలం వెండితెర. ఆ తరువాత ఇల్లిల్లూ చేరిన టెలివిజన్ ఆ స్థానంలో భాగం పంచుకొన్నది. పాశ్చాత్య దేశాలలో మాంత్రికుని గుహకు బదులు అంతరిక్ష నౌక వచ్చింది. మంత్రదండానికి బదులు యంత్రసాధనాలు వచ్చాయి. అయినా నటుని ఎదుట ఉన్న సమస్య మారలేదు. పాట్రిక్ స్టీవర్ట్ జీవితం ఇందుకు నిదర్శనం.

స్టీవర్ట్ 1940 జూలై 13న ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతానికి చెందిన మిర్‌ఫీల్డ్‌లో పుట్టారు. అది ఒక పేద కార్మిక కుటుంబం. తల్లి గ్లాడిస్ నేతమిల్లులో పనిచేసేవారు. సైన్యంలో పనిచేసి వచ్చిన తండ్రి ఇంట్లో తల్లిని కొట్టేవాడు. తాను చిన్ననాడు కళ్ళారా చూచిన ఆ హింసను స్టీవర్ట్ పెద్దయ్యాక దాచుకోలేదు. గృహహింసకు గురైన స్త్రీలకు అండగా నిలిచే 'రెఫ్యూజ్' సంస్థ తరఫున బహిరంగంగా మాట్లాడారు. భయం నిండిన ఆ ఇంటినుంచి వచ్చిన బాలునికి బడిలో సెసిల్ డార్మండ్ అనే ఉపాధ్యాయుడు షేక్‌స్పియర్ నాటకాన్ని చేతికిచ్చి బిగ్గరగా చదవమన్నారు. అది 'మర్చంట్ ఆఫ్ వెనిస్'. కాకినాడలో రంగారావు ఆడిన నాటకమే మిర్‌ఫీల్డ్‌లో స్టీవర్ట్‌కు తొలిపాఠం కావడం విశేషం. తరువాత వృత్తి నటుడైన స్టీవర్ట్ కూడా 1978లో షైలాక్ పాత్రను ధరించారు.

పదిహేనేళ్ళకే బడి మానిన స్టీవర్ట్ కొంతకాలం స్థానిక పత్రికలో విలేకరిగా, ఆ తరువాత గృహోపకరణాల దుకాణంలో అమ్మకందారుగా పనిచేశారు. స్థానిక ప్రభుత్వం ఇచ్చిన ఆర్థిక సహాయంతో 1957లో బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో చేరారు. ఇరవై ఏళ్ళు నిండకముందే తలవెంట్రుకలు రాలిపోయాయి. 1966లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో ప్రవేశించి, చాలా ఏళ్ళు ఆ సంస్థ నాటకాలలో నటించారు. నాటకప్రియులు ఆయనను గౌరవించారు. బయటి లోకానికి మాత్రం ఆయన పేరు అంతగా తెలియదు.

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆయన నాటక భాగాలు చదువుతుండగా టెలివిజన్ నిర్మాత రాబర్ట్ జస్ట్‌మన్ చూచారు. అప్పటికి 'స్టార్ ట్రెక్' అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహికను కొత్త తరం కోసం మళ్ళీ నిర్మించే సన్నాహాలు సాగుతున్నాయి. అంతరిక్ష నౌకకు నాయకునిగా బట్టతల గల ఇంగ్లీషు నటుడు పనికిరాడని దాని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ మొదట అభ్యంతరం చెప్పారు. తరువాత సమ్మతించారు. స్టీవర్ట్‌కు కూడా ఆ ధారావాహిక నిలుస్తుందన్న నమ్మకం లేదు. త్వరలోనే తిరిగి వెళ్ళవలసి వస్తుందని భావించి, మొదట కొన్ని వారాలు పెట్టె కూడా పూర్తిగా సర్దుకోలేదు. ఆ ధారావాహిక 1987 నుంచి 1994 వరకు ఏడేళ్ళు, 178 భాగాలుగా ప్రసారమైంది. కెప్టెన్ జాన్ లూక్ పికార్డ్ పాత్ర ఆయనను లోకప్రసిద్ధుని చేసింది.

అట్టతో, చెక్కతో నిర్మించిన గదిలో కూర్చొని, ఎదురుగా ఏమీ లేని తెరను చూస్తూ, అక్కడ నక్షత్రమండలం ఉన్నట్లు మాట్లాడడం తేలిక కాదు. వేదిక మీద రాజుల సింహాసనాలపై కూర్చొన్న అనుభవమే నౌకానాయకుని కుర్చీలో కూర్చోవడానికి తనను సిద్ధం చేసిందని స్టీవర్ట్ చెప్పారు. రాజుకు కిరీటం వల్ల కాదు, చుట్టూ ఉన్నవారు తలవంచడం వల్ల, తాను నిదానంగా మాట్లాడడం వల్ల గౌరవం వస్తుంది. ఈ రహస్యం నాటకరంగానిది. పికార్డ్ కేకలు వేయడు. ఆలోచించి, తోటివారి సలహా అడిగి, నిర్ణయం తన భుజాన వేసుకొంటాడు. ప్రేక్షకులు ఆయనలో ఆదర్శ నాయకుని చూచారు.

టెలివిజన్ ఇచ్చిన కీర్తిని స్టీవర్ట్ మళ్ళీ నాటకానికే వెచ్చించారు. చార్లెస్ డికెన్స్ రచించిన 'ఎ క్రిస్మస్ కేరల్'లోని పాత్రలన్నింటినీ తానొక్కరే నటించే ప్రదర్శనను 1991లో న్యూయార్క్ బ్రాడ్‌వేపై ఇచ్చారు. 2007లో మాక్‌బెత్‌గా నటించారు. 2008లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 'హామ్లెట్'లో క్లాడియస్ పాత్రను ధరించి, మరుసటి సంవత్సరం ఒలీవియే పురస్కారం అందుకొన్నారు. ఆ ప్రదర్శనలో హామ్లెట్ డేవిడ్ టెనెంట్. ఆయన కూడా రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో పనిచేసి, 'డాక్టర్ హూ' అనే టెలివిజన్ వైజ్ఞానిక కల్పనతో ప్రసిద్ధుడైన నటుడే. ఈ కథలను చూచి వారిని అభిమానించిన యువతరం వారి కోసం నాటకశాలకు వచ్చింది. స్టీవర్ట్‌కు 2010లో బ్రిటన్ ప్రభుత్వం 'సర్' బిరుదునిచ్చింది. ఎనభై ఏళ్ళకు చేరువలో ఉండగా ఆయన మళ్ళీ పికార్డ్ పాత్రను స్వీకరించారు. ఆ కొత్త ధారావాహిక 2020 నుంచి 2023 వరకు ప్రసారమైంది.

ఇద్దరు నటుల దేశాలు వేరు, భాషలు వేరు, మాధ్యమాలు వేరు. అయినా వారి మార్గంలో పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. ఇద్దరూ కీర్తి రాకముందు ఏళ్ళ తరబడి వేదిక మీద శ్రమించారు. బతుకుతెరువుకు ఇతర ఉద్యోగాలు చేశారు. ఇద్దరికీ పెద్ద పేరు తెచ్చినది పండితులు గొప్పవని భావించే రచనలు కాదు, పిల్లలూ పెద్దలూ కలిసి చూచే వింత కథలు. ఆ వింత కథలను వారు తేలికగా తీసుకోలేదు. షైలాక్‌కు ఇచ్చినంత శ్రద్ధను మాంత్రికునికీ, నౌకానాయకునికీ ఇచ్చారు.

'ఇంత విద్య నేర్చినది ఇందుకోసమా!' అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. నిజజీవితంలోని గుమాస్తానో, రైతునో నటించేటప్పుడు ప్రేక్షకుని అనుభవం నటునికి సాయపడుతుంది. చూచిన మనిషి కనుక నమ్ముతాడు. ఎన్నడూ చూడని మాంత్రికుని, ఎన్నడూ ఎక్కని నక్షత్రనౌకను నమ్మించవలసి వచ్చినప్పుడు ఆ సాయం ఉండదు. అక్కడ నటుని గొంతు, నడక, చూపు, హృదయం మాత్రమే ఆధారం. కాబట్టి ఊహాలోకపు పాత్రకే ఎక్కువ విద్య కావాలి. ఆ విద్యను నేర్పే బడి రంగస్థలం. ఊరి ఉత్సవంలోనో, కళాశాల వార్షికోత్సవంలోనో వేసిన చిన్న వేషం సైతం ఆ బడిలో ఒక పాఠమే.

అర్థాలు

పట్టుగొమ్మ : ఆధారం, ఆశ్రయం
వాచికం : మాటల ద్వారా చేసే అభినయం
ప్రతినాయకుడు : కథానాయకునికి ఎదురు నిలిచే పాత్ర
గత్యంతరం : మరొక దారి
ఠీవి : దర్పం, హుందాతనం
ఆలవాలం : నెలవు, చోటు
ధారావాహిక : వరుసగా భాగాలుగా వచ్చే కథ
వైజ్ఞానిక కల్పన : విజ్ఞానశాస్త్రం ఆధారంగా అల్లిన ఊహాకథ

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నాటకరంగ శిక్షణ ఎస్.వి. రంగారావు చలనచిత్ర పాత్రలకు ఏ విధంగా తోడ్పడిందో వివరించండి.
2. రంగారావు, పాట్రిక్ స్టీవర్ట్ జీవితాలలోని పోలికలను, భేదాలను తెలియజేయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నేపాళ మాంత్రికుని పాత్ర ప్రేక్షకులను నమ్మించగలగడానికి కారణాలేమిటి?
2. మాయా శశిరేఖ పాత్రలోని విశేషాన్ని తెలపండి.
3. టెలివిజన్ కీర్తి స్టీవర్ట్ ద్వారా నాటకరంగానికి ఎలా ఉపయోగపడింది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కాకినాడలో రంగారావు పనిచేసిన నాటక సంస్థ ఏది?
2. 'చమత్కార రత్నావళి'కి మూలమైన నాటకం ఏది?
3. రంగారావుకు జకార్తాలో బహుమతి తెచ్చిన పాత్ర ఏది?
4. స్టీవర్ట్ చేతికి షేక్‌స్పియర్ నాటకాన్ని ఇచ్చిన ఉపాధ్యాయుడు ఎవరు?

IV. ఆలోచించి రాయండి
మీ ఊరిలో ప్రదర్శించే నాటకాలను గురించి మీ ఇంటి పెద్దలను అడిగి, తెలుసుకున్న విషయాలను పది వాక్యాలలో రాయండి.